గిటారు శిల్పి తోర్రెస్

చేతిపనివారు రెండు తెగలుగా నుందురు. నేర్చిన పనిని నేర్చినట్లే జీవితాంతము చేయువారు ఒక తెగ. చేసిన ప్రతి వస్తువును పరీక్షించి, దాని లోపమును గుర్తించి, తరువాతి వస్తువును అంతకంటె మేలుగా చేయువారు రెండవ తెగ. మొదటివారివలన లోకమునకు అవసరములు తీరును. రెండవవారివలన విద్య పెరుగును. స్పెయిన్ దేశమున గిటారులు చేసికొని బ్రదికిన అంతోనియో దె తోర్రెస్ ఈ రెండవ తెగవాడు. నేడు ఏ దేశమునందైనను శాస్త్రీయ సంగీతమునకు తగిన గిటారును చేతితో చేయువారిలో పెక్కుమంది ఆతడు వేసిన బాటనే నడచుచున్నారు.

గిటారును మీరు చూచియే యుందురు. దానికి ఆరు తీగలు, పొడుగైన మెడ, నడుము సన్నగిలిన పెట్టె ఉండును. మన వీణకు కుండ ఎట్టిదో గిటారునకు ఈ పెట్టె అట్టిది. అయితే రెండింటిని చేయు తీరు వేరు. బొబ్బిలి సమీపమందలి గొల్లపల్లిలో వీణలు చేయువారు పనసదుంగను తొలిచి కుండను తీర్చుదురు. గిటారు శిల్పి దుంగను తొలువడు. పలుచని పలకలను వంచి, అతికి, పెట్టెను కట్టును.

చిక్కంతయు ఈ పలుచనలోనే ఉన్నది. తీగ ఒంటరిగా మ్రోగినచో ప్రక్కనున్న వానికైనను సరిగా వినబడదు. సన్నని తీగ కొలదిపాటి గాలిని మాత్రమే కదలింపగలదు. తీగ కదలిక గుర్రము ద్వారా మీదిపలకకు ప్రాకి, ఆ పలక విస్తారమైన గాలిని కదలించినపుడే ధ్వని గదియంతయు నిండును. కావున పలక ఎంత పలుచనైన అంత మేలు అని తోచును. కాని బిగించిన ఆరు తీగలును కలిసి పలకను దాదాపు 40 కిలోల బరువుతో లాగుచుండును. మరీ పలుచనైన పలక కొన్నాళ్లకే వంగి క్రుంగిపోవును. మందమైన పలక క్రుంగదు గాని, దాని గొంతు పెగలదు. పలుకవలెను, నిలువవలెను. ఈ రెంటిని ఒక్క పలకలో పొసగించుటయే గిటారు శిల్పికి పరీక్ష.

ఈ పరీక్షకు నిలిచిన తోర్రెస్ 1817వ సంవత్సరము జూన్ 13వ తేదీన, దక్షిణ స్పెయిన్ నందలి అల్మెరియా పట్టణము చెంత ఒక పల్లెలో జన్మించెను. తండ్రి పన్నులు వసూలుచేయు చిరుద్యోగి. పండ్రెండవ యేట తోర్రెస్ వడ్రంగము నేర్చుకొనుటకు కుదిరెను. యౌవనము ఆతనికి సుఖము నొసగలేదు. చిన్నతనముననే వివాహమయ్యెను; అప్పులు వెంటనంటెను; ముగ్గురు బిడ్డలలో ఇద్దరు మరణించిరి; 1845లో భార్య క్షయరోగమున కన్నుమూసెను. ఆ దుఃఖము మోసికొని ఆతడు సెవిల్ నగరము చేరి, వడ్రంగము చేయుచు గిటారుల పనిలో ప్రవేశించెను. హూలియన్ ఆర్కాస్ అను ప్రసిద్ధ వాదకుడు ఆతని చేతి నైపుణ్యమును గుర్తించి, గిటారులనే వృత్తిగా గైకొనుమని ప్రోత్సహించెను.

ఆనాటి గిటారులు చిన్నవి. వాని ధ్వని ఇంటిగదికి చాలునుగాని సభకు చాలదు. తోర్రెస్ పెట్టెను పెద్దది చేసెను. మీదిపలకను పలుచన చేసి, మధ్యభాగమును మిక్కిలి స్వల్పముగా ఉబ్బునట్లు తీర్చెను. ఉబ్బిన పలక చదునైన దానికంటె బలము గలది. కోడిగ్రుడ్డు పెంకు ఎంత పలుచనిదైనను అరచేతిలో నొక్కిన పగులకుండుట మీరెరుగుదురు గదా! పలక లోపలివైపున సన్నని కర్రకమ్ములు ఏడింటిని, విసనకర్ర ఈనెలవలె ఒకచోటినుండి విచ్చుకొనునట్లు అతికెను. ఇట్లు కమ్ములు వేయుట ఆతనికి ముందే కొందరు స్పెయిన్ శిల్పులకు తెలియును. ఆతడు దానికి సౌష్ఠవమును, కొలతను కల్పించి, పలకయంతటికిని బలము సమముగా పంచునట్లు చేసెను. 1858లో సెవిల్ నగరమున జరిగిన ప్రదర్శనమందు ఆతని గిటారునకు కంచుపతకము లభించెను.

పతకము వచ్చినంతమాత్రమున తోర్రెస్ తృప్తిపడలేదు. గిటారు స్వరము ఎక్కడ పుట్టుచున్నది? ప్రక్కలలోనా, వీపులోనా, మీదిపలకలోనా? విలువైన కర్రతో వీపును చేసినందుననే గిటారు బాగుగా పలుకునని పలువురు తలచెడివారు. తోర్రెస్ మీదిపలకదే ప్రధానమని తలచెను. తలచి ఊరకుండక, 1862లో ఒక వింత గిటారును చేసెను. దాని మీదిపలక ఎప్పటివలె శ్రేష్ఠమైన కర్ర. ప్రక్కలును వీపును మాత్రము కాగితపు అట్ట! అట్టగిటారు మూగవోలేదు, పలికెను. అది నేటికిని బార్సిలోనా నగరమందలి సంగీత ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. ఇప్పుడు వాయించుటకు వీలులేని స్థితిలో నున్నది.

ఈ ప్రయోగమును మీరు చక్కగా గమనింపవలెను. వీపు నిష్ప్రయోజనమని దీని అర్థము కాదు. మంచి కర్ర వీపు ధ్వనికి కొంత వన్నె తెచ్చును. పెట్టెకు గట్టిదనమును ఇచ్చును. తోర్రెస్ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఏది ప్రధానము, ఏది అప్రధానము? దానిని తేల్చుటకు ఒకదానిని ఉన్నట్లే ఉంచి, రెండవదానిని మార్చి చూచెను. శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో చేయు పనియు ఇదియే. బడిలో పెద్దగా చదువుకొనని ఒక వడ్రంగి తన బల్లమీద దానిని చేసి చూపెను.

ఇక గిటారును ఎట్లు చేయుదురో చూతము. మీదిపలకకు తగినది స్ప్రూస్ అను చెట్టు. సూదులవంటి ఆకులు గల ఈ చెట్టు చలికొండలపై మెల్లమెల్లగా పెరుగును. అందుచే దాని కర్ర తేలికగాను, ధృఢముగాను ఉండును. కోసిన పలకలను నీడలో ఏండ్ల తరబడి ఆరనిత్తురు. తడియారని కర్రతో చేసిన పెట్టె వేసవిలో పగులును. ఆరిన పలకను మందమువైపున రెండుగా కోసి, పుస్తకమువలె విప్పి, అంచులు కలిపి అతుకుదురు. అప్పుడు ఎడమ సగము కుడి సగమునకు అద్దములోని ప్రతిబింబమువలె నుండును. తరువాత చిత్రికపట్టి, మందము రెండు లేక రెండున్నర మిల్లీమీటర్లకు వచ్చువరకు పలుచన చేయుదురు.

ప్రక్కలకు వాడు సన్నని పలకలను నీట తడిపి, కాగిన ఇనుపగొట్టముపై ఆనించి కొంచెము కొంచెముగా వంచుదురు. తొందరపడినచో పలక విరుగును, జాగుచేసినచో మాడును. వంచిన ప్రక్కలను మెడయొక్క మొదటిలోని గాడులలో దూర్చి, మీదిపలకతోను, వీపుతోను వజ్రమను జిగురుతో అతుకుదురు. జంతుచర్మమును కాచి తీయు ఈ జిగురును వెచ్చగా నున్నప్పుడే పూయవలెను. చల్లారినచో అది పట్టు కోల్పోవును.

అన్నిటికంటె సున్నితమైన పని లోపలి కమ్ములను తీర్చుట. కమ్మిని అతికిన పిదప ఉలితో ఒక్కొక్క పొర తీయుచు, పలకను వ్రేలితో తట్టి వినవలెను. సంతలో కుండను కొనువారు కొట్టి చూచి, మ్రోతనుబట్టి మంచి చెడ్డలు తెలిసికొందురు గదా! శిల్పి చేయు పనియు అట్టిదే. కుండను కొనువాడు ఒక్క క్షణము విని ఊరకుండును. శిల్పి మాత్రము ప్రతి పొరకును వినవలెను. ఎక్కడ ఆగవలెనో చెప్పు గ్రంథము లేదు. ఒక్క పొర తక్కువ తీసినచో గొంతు బిగిసియుండును. ఒక్క పొర ఎక్కువ తీసినచో బలము పోవును. తీసిన పొరను తిరిగి పెట్టజాలము.

మెడపై మెట్లు అమర్చుట మాత్రము గణితము. తోర్రెస్ వాడి, తరువాతివారు ప్రమాణముగా గైకొన్న తీగ పొడవు 650 మిల్లీమీటర్లు. ఈ పొడవును 17.817చే భాగించినచో సుమారు 36.5 వచ్చును, అది మేరువు నుండి మొదటి మెట్టునకు గల దూరము. మిగిలిన పొడవును మరల అదే సంఖ్యచే భాగించినచో రెండవ మెట్టు తెలియును. ఇట్లు పండ్రెండుమారులు చేసినచో పండ్రెండవ మెట్టు సరిగా 325 మిల్లీమీటర్లకు, అనగా తీగ నడిమికి వచ్చును. అక్కడ మీటిన స్వరము విడితీగ స్వరమునకు పై షడ్జమగును. మీ లెక్కల పుస్తకమును తెరచి మీరే సరిచూచుకొనవచ్చును.

తోర్రెస్ కీర్తిని లోకమునకు చాటినవాడు ఫ్రాన్సిస్కో తార్రెగ. 1869లో, పదునేడేండ్ల ప్రాయమున, ఒక వర్తకుని సహాయముతో ఆతడు గిటారు కొనుటకు సెవిల్ వచ్చెను. తోర్రెస్ మొదట సామాన్యమైన గిటారు నొకదానిని చేతికిచ్చెననియు, కుర్రవాని వాదనము విన్న పిమ్మట లోనికేగి, 1864లో తనకొరకై చేసికొని దాచుకొన్న గిటారును తెచ్చి యిచ్చెననియు చెప్పుదురు. తార్రెగ గొప్ప వాదకుడై, ఆ గిటారుతోనే పెక్కేండ్లు కచేరీలు చేసెను.

అయినను కీర్తి వేరు, కూడు వేరు. 1870 ప్రాంతమున తోర్రెస్ గిటారుపని విడిచి, స్వస్థలమగు అల్మెరియాకు మరలివచ్చి, పింగాణి పాత్రల దుకాణము పెట్టెను. నాలుగైదేండ్లు గడచినవి. ఉలి పట్టిన చేయి ఊరకుండునా? 1875లో ఆతడు మరల పనికి పూనుకొని, ఆ గిటారుల లోపల అంటించు చీటిపై “రెండవ శకము” అని వ్రాసి, వరుస సంఖ్య వేసెను. 1883లో రెండవ భార్యయు మరణించెను. ఆపై వృద్ధుడు తన ఇంటిలోనే పనిచేసికొనుచు, ఏటికి సుమారు పండ్రెండు గిటారులు చేసెను. వార్ధక్యమున చేతులు వణకజొచ్చెను. సన్నని పనులలో పొరుగున నున్న హువాన్ మార్తినెస్ సిర్వెంత్ అను యువ పురోహితుడు ఆతనికి సాయపడెడివాడు.

తోర్రెస్ వద్ద ఏదో రహస్యము కలదని పలువురు నమ్మిరి. ఒకనాడు భోజనసమయమున ఒక పెద్దమనిషి, ఆ రహస్యమును సమాధిలోనికి గొనిపోక లోకమునకు ఇచ్చి పొమ్మని కోరెను. తోర్రెస్ నవ్వి, తన రహస్యమును ఆ యువ పురోహితుడు పెక్కుమార్లు కనులార చూచియే యున్నాడనియు, కాని దానిని వెనుక విడిచి పోవుట తన వశము కాదనియు చెప్పెను. బొటనవ్రేలి కొన, చూపుడువ్రేలి కొన పలకను తాకి, అది సరిగా అమరినదో లేదో బుద్ధికి తెలుపును. అదియే తన రహస్యమని వివరించెను. పురోహితుడు ఈ సంగతిని ముసలితనమున ఒక లేఖలో వ్రాసి ఉంచెను. తోర్రెస్ 1892 నవంబరు 19వ తేదీన దివంగతుడయ్యెను.

మరి ఆ విద్య నశించెనా? నశింపలేదు. హోసె రొమానియోస్ అను స్పెయిన్ దేశీయుడు 1956లో ఇంగ్లండు చేరి వడ్రంగముతో జీవించుచు, తన ముచ్చటకొరకై ఇంటివద్ద గిటారు చేయ మొదలిడెను. ఒకటి చేసెను, దానినిబట్టి మరియొకటి చేసెను. 1970 ప్రాంతమున జూలియన్ బ్రీమ్ అను వాదకశ్రేష్ఠుడు ఆతని పని మెచ్చి, పనిచేసికొనుటకు తన ఆవరణలో చోటిచ్చెను. రొమానియోస్ మిగిలియున్న తోర్రెస్ గిటారులను వెదకి, కొలిచి, 1987లో ఆ మహాశిల్పి చరిత్రమును ప్రకటించెను. పెక్కుమందికి ఆ పని నేర్పి, 2022లో మరణించెను. కొలతలు గ్రంథమునకు ఎక్కినవి. వ్రేలికొనల తెలివిని మాత్రము ప్రతి శిష్యుడును తన పలకపై తానే సంపాదించుకొనవలసి వచ్చెను.

నేడు అనేక దేశములలో ఉద్యోగము ముగించుకొని వచ్చి, ఇంటి వెనుక గదిలో గిటారు చేయువారు ఎందరో కలరు. వారిలో పలువురు వీపునకు, ప్రక్కలకు వాడునది మన దక్షిణ భారతపు అడవులలో పెరుగు జిట్రేగి కర్ర. అట్టివాని మొదటి గిటారు సామాన్యముగా నుండును, అతుకు వంకరపోవును, గొంతు బిగిసియుండును. ఆతడు దానిని పారవేయక గోడకు తగిలించి, కొలతలు పుస్తకమున వ్రాసికొని, రెండవదానికి కర్ర ఎన్నుకొనును. మీరు ఏ పని నేర్చినను ఇట్లే చేయుడు. చేసినదానిని తట్టి వినుడు. తరువాతి దానిని ఎట్లు చేయవలెనో అదియే మీకు చెప్పును.

ప్రశ్నలు

1. గిటారు మీదిపలక పలుచగా నుండుట ఏల? మిక్కిలి పలుచనైనచో కలుగు హాని యేమి?
2. తోర్రెస్ అట్టతో గిటారు చేసి దేనిని నిరూపింపనెంచెను? ఆ ప్రయోగమున మార్చినదేది, మార్చక ఉంచినదేది?
3. తోర్రెస్ తన రహస్యమును లోకమునకు ఇచ్చి పోజాలననుటకు కారణమేమి?
4. తీగ పొడవు 650 మిల్లీమీటర్లయినచో మొదటి రెండు మెట్ల స్థానములను లెక్కకట్టుడు.
5. మీ ఊరిలో చేతిపనివారి నొకరిని కలిసికొని, వారు చేయు వస్తువు బాగుగా కుదిరినదని దేనిచే తెలిసికొందురో అడిగి, పది వాక్యములలో వ్రాయుడు.