బాయ్‌కాట్ ఒక మనిషి పేరు

హ్యాష్‌ట్యాగుల్లో రోజూ చూసే ‘బాయ్‌కాట్’ ఒకాయన ఇంటిపేరని తెలుసా?

ఐర్లండ్‌లో మేయో కౌంటీ, బాలిన్‌రోబ్ అనే చిన్న ఊరు. 1880. దగ్గర్లోని లార్డ్ ఎర్న్ భూములకి కెప్టెన్ బాయ్‌కాట్ ఏజెంట్. పంటలు పోయాయి, కౌలు తగ్గించమన్నారు రైతులు. అడిగినంత తగ్గించకపోగా, ఖాళీ చేయమని నోటీసులు పంపాడు.

అంతే, చుట్టుపక్కల జనం ఆయన్ని వెలేశారు. పనివాళ్లు మానేశారు, దుకాణాల్లో సరుకులివ్వలేదు, ఉత్తరాలు తెచ్చే కుర్రాడూ రాలేదు. మన ఊళ్లలో వెలి అంటే ఎక్కువగా బలమున్నవాళ్లు లేనివాళ్ల మీద వేసిందే కదా. ఇక్కడ రివర్స్!

చేలో దుంపలు తవ్వడానికి బయటి నుంచి 50 మందిని తెచ్చారు. వాళ్లకి కాపలాగా వందల మంది సైనికులు. దుంపల విలువ కంటే కాపలా ఖర్చే ఎన్నో రెట్లు. డిసెంబర్ మొదట్లో బాయ్‌కాట్ ఇంగ్లండ్ వెళ్లిపోయాడు.

ఆ పనికి ఆయన పేరే పెట్టింది అక్కడి ఫాదర్ ఓమాలీ అంటారు. ఇంగ్లిష్‌లో అప్పటికే ఉన్న పెద్ద మాట రైతులకి అర్థం కాదని.