అమ్మకానికి: కూలర్, కుర్చీ, కొంత మొహమాటం

"రూమ్ ఖాళీ చేస్తున్నాం. కూలర్, మడత టేబుల్, ఇండక్షన్ స్టవ్, గ్రూప్స్ మెటీరియల్ ఉన్నాయి. కావలసినవాళ్లు మెసేజ్ చేయండి." అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ వాట్సాప్ గ్రూపుల్లో, ఓఎల్ఎక్స్‌లో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో ఇలాంటి ప్రకటనలు కొత్తేమీ కాదు. చదివేవాడికి అదొక సామాన్ల పట్టిక. పెట్టినవాడికి మాత్రం ఆ రెండు లైన్లు టైపు చేసి, చెరిపి, మళ్లీ టైపు చేసిన సంగతి తెలుసు. అందులో రాయని మూడో లైను ఒకటుంది: హాస్టల్ బాకీ, స్నేహితుడి దగ్గర చేబదులు, క్రెడిట్ కార్డు బిల్లు.

పోటీ పరీక్షలకు చదివేవాళ్లుండే ఈ హైదరాబాద్ పేటల్లో అప్పులన్నీ దుబారా అప్పులనుకుంటే పొరపాటు. చాలావరకు నిరీక్షణ అప్పులు. తెలంగాణ గ్రూప్-1 ఉద్యోగాల పరీక్ష సంగతే చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులకు కొత్తది ఇచ్చారు. మెయిన్స్ రాసేసరికి 2024 అక్టోబరు. గ్రూప్-2దీ అదే కథ. 2022 డిసెంబరులో ఇచ్చిన నోటిఫికేషన్‌కు పరీక్ష 2024 డిసెంబరులో జరిగింది. ఆరు నెలలకని ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బు రెండున్నరేళ్లు రమ్మంటే ఎక్కడొస్తుంది? గది అద్దె, మెస్ బిల్లు, టెస్ట్ సిరీస్ ఫీజు నెలనెలా వాటి దారిన అవి పోతూనే ఉంటాయి. సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే సీటు పట్టుకుని రాత్రి దాకా చదివినవాడు కూడా అప్పుపడతాడు. ఆ అప్పుకు సిగ్గుపడాల్సిన పనిలేదు.

అయినా సిగ్గుపడతాడు. అసలు చిక్కంతా ఇక్కడే. టేబుల్ అమ్మకానికి పెడితే గ్రూపులో ఉన్న ఊరివాడెవరో "ఏందన్నా, ప్రిపరేషన్ ఆపేసినవా?" అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి, వాడని కూలర్‌ను మంచం పక్కన పెట్టుకుని, దాని ఖరీదుకు సరిపడా బాకీ మీద వడ్డీ కట్టేవాళ్లు ఎందరో. కూలర్ అమ్మితే ప్రిపరేషన్ ఆగిపోదు. ఆపేసినా అది మీ ఇష్టం. "వాడటం లేదు, అమ్ముతున్నా" అంటే చాలు, అంతకుమించి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

మొహమాటం దాటినవాడికి రెండో అడ్డంకి ధర. ఇక్కడ మన మనసే మనల్ని మోసం చేస్తుంది. డేనియల్ కానమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు కాఫీ కప్పులతో చేసిన ప్రయోగాలను 1990లో ప్రచురించారు. కొందరు విద్యార్థులకు కప్పులు ఊరికే ఇచ్చి, ఎంతకు అమ్ముతారని అడిగారు. కప్పు లేనివాళ్లను ఎంతకు కొంటారని అడిగారు. చేతికొచ్చి కాసేపు కూడా కాని కప్పుకు అమ్మేవాళ్లు చెప్పిన ధర, కొనేవాళ్లు ఇస్తామన్న దానికి రెట్టింపు దాకా ఉంది. కాసేపు పట్టుకున్న కప్పుకే అంత మమకారమైతే, మూడేళ్లు ఒళ్లో పెట్టుకుని చదివిన పాలిటీ పుస్తకం మాటేమిటి?

ఆ పుస్తకాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. పసుపు హైలైటర్, దాని మీద ఎర్ర పెన్ను గీత, అంచున నీలి అక్షరాల్లో పాత ప్రశ్నపత్రాల సంవత్సరాలు, మధ్యలో కుట్టు ఊడి టేపు వేసిన ఒక పేజీ. మీకది చెమట. కొనడానికొచ్చిన కుర్రాడికి మచ్చలు. పైగా ఆ ఎడిషన్‌లో 2023 నాటి 106వ రాజ్యాంగ సవరణ, అంటే మహిళా రిజర్వేషన్, లేదనుకోండి, వాడికి సగం పనికిరాదు. మెటీరియల్ వయసు చాలా తక్కువ. తెలంగాణ జిల్లాలు 2016 అక్టోబరులో 10 నుంచి 31కి, 2019 ఫిబ్రవరిలో 33కి చేరాయి. ఆ రెండుసార్లూ భూగోళం నోట్సు రాత్రికి రాత్రే పాతబడింది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ స్లాబులు మారగానే ఎకానమీ పుస్తకాలదీ అదే గతి. కరెంట్ అఫైర్స్ పత్రికల గురించి చెప్పేదే లేదు, వాటిని కిలోల లెక్కన వేసేయండి. ఎడిషన్‌తో పెద్దగా పనిలేనివి అరిథ్‌మెటిక్, రీజనింగ్. కాబట్టి కాలం చెల్లేవాటిని ముందు వదిలించుకోవాలి. ఇంకో నోటిఫికేషన్ వస్తుందని దాచుకున్న పుస్తకం, ఆ నోటిఫికేషన్ వచ్చేనాటికి మీకూ పనికిరాదు.

పెట్టిన డబ్బు ఎంత అన్నది మీ లెక్క. అదే వస్తువు ఈ వారం అదే పేటలో ఎంతకు పోతోందన్నది బజారు లెక్క. రెండో లెక్కే రాయండి. "లాస్ట్ ఎంతన్నా? జర తగ్గించు" అనే మెసేజ్ ఎలాగూ వస్తుంది, దానికి కొంచెం జాగా వదలండి. అవమానంగా తీసుకోకండి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలకు మీరూ అలాగే బేరమాడి ఉంటారు.

వస్తువులో లోపం ఉంటే ఫొటోతో సహా చెప్పేయండి. కూలర్ పంపు చప్పుడు చేస్తుంది, కుర్చీ ఒక చక్రం తిరగదు. ముందే చెబితే కొనేవాడు ఇంటిదాకా వచ్చి గొడవపడడు, బేరమూ త్వరగా తెగుతుంది. అయితే మీ అవసరం మాత్రం చెప్పకండి. "అర్జెంటుగా అప్పు కట్టాలి" అని రాసిన ప్రకటన చూస్తే ఎంత మంచివాడైనా ఇంకో మూడొందలు తగ్గించమంటాడు. కొనేవాడి దగ్గర వస్తువు గురించి దాపరికం ఉండకూడదు, మన గురించి ఒక్క ముక్కా అక్కర్లేదు. అప్పిచ్చినవాడి దగ్గర ఇది తిరగబడుతుంది. అతనికి వస్తువుల సంగతి అనవసరం, మన సంగతి మొత్తం కావాలి. మనం చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. ముక్కూమొహం తెలియని కొనుగోలుదారుడికి కష్టాలన్నీ చెప్పుకుని, చేబదులిచ్చిన రూమ్మేట్ ఫోన్ చేస్తే ఎత్తం. "కూలర్, టేబుల్ అమ్మాను, ముందు కార్డుది కడుతున్నా, నీది ఫలానా తేదీకి సగం ఇస్తా" అని ఒక్క మెసేజ్ పెట్టి చూడండి. బాకీ తీరకముందే సగం బరువు దిగుతుంది, స్నేహం కూడా నిలుస్తుంది. వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో గొంతు, చూపు, కరచాలనం గురించి గంటల తరబడి చెబుతారు గానీ, ఈ ఫోన్ కాల్ ఎత్తడం నేర్పితే చాలని నాకనిపిస్తుంది.

ముందు కార్డుదే ఎందుకంటారా? ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నోరు వెళ్లబెడతాం. నెలకు మూడున్నర శాతం వేసే క్రెడిట్ కార్డు దానికి తాత. బాకీ 40,000 అనుకుందాం. నెల వడ్డీ 1,400, దాని మీద 18 శాతం జీఎస్టీ 252. మినిమమ్ డ్యూ అని 2,000 కడితే అసలులో తరిగేది 348 రూపాయలు. అదే సామాన్లు అమ్మగా వచ్చిన 9,000 దానికి జమచేస్తే, మరుసటి నెల నుంచి జీఎస్టీతో కలిపి 370 పైచిలుకు వడ్డీ మిగులుతుంది. వడ్డీ లేని చేబదులుకు తేదీ చెప్పి కొంత ఆగవచ్చు. కార్డు ఆగదు. అయితే డబ్బు వచ్చిన చోటే, వచ్చిన నిమిషంలోనే కట్టేయాలి. యూపీఐలో పడిన రెండు వేలు సాయంత్రం దాకా ఖాతాలో ఉంటే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ బిర్యానీ వాసన దాన్ని పసిగడుతుంది. బిర్యానీ వద్దనను. కట్టాక తినండి.

లోన్ యాప్‌ల సంగతి వేరు. 2020 చివర్లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వాటి మీద కేసులు పెట్టి అరెస్టులు చేసిన రోజులు ఇక్కడి కుర్రాళ్లకు గుర్తుండే ఉంటాయి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అప్పిచ్చే యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు చూడకూడదు. వాటికోసం అనుమతి అడిగే యాప్ దగ్గర కొత్త అప్పు తీసుకుని పాతది తీర్చడం కన్నా ల్యాప్‌టాప్ తప్ప గదిలో ఉన్నదంతా అమ్మడం మేలు. ల్యాప్‌టాప్ ఎందుకు వద్దంటే, రేపు పార్ట్‌టైమ్ పని దొరికితే తిండి పెట్టేది అదే.

అమ్మేటప్పుడు జాగ్రత్త ఒక్కటి మరచిపోకూడదు. చూడకుండానే మీరు చెప్పిన ధరకు ఒప్పుకుని, ఆర్మీలో పనిచేస్తున్నానని చెప్పి, "ఈ క్యూఆర్ స్కాన్ చేస్తే డబ్బు పడుతుంది" అనేవాడు దొంగ. డబ్బు రావడానికి స్కాన్ చేయనక్కర్లేదు, పిన్ కొట్టనక్కర్లేదు. పొరపాటున కొట్టేస్తే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే వీలు అంత ఎక్కువ. కొనేవాణ్ని గదికి కాకుండా పగటిపూట చిక్కడపల్లి మెట్రో స్టేషన్ దగ్గరికో, లైబ్రరీ గేటు దగ్గరికో రమ్మనండి. ఫోన్ అమ్మితే గూగుల్ ఖాతా తీసేసి, రీసెట్ చేసి ఇవ్వండి. బండి అమ్మితే ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యాయి కదా అని ఊరుకోకండి. ఆర్సీ కొన్నవాడి పేరు మీదికి మారేదాకా చలానాలు మీ పేరుకే వస్తాయి.

బాకీ మొత్తం తీరాక బ్యాంకు నుంచి నో డ్యూస్ లెటర్ అడిగి తీసుకోవాలి. క్రెడిట్ రిపోర్టు ఏడాదికోసారి ప్రతి క్రెడిట్ బ్యూరో ఉచితంగా ఇస్తుంది, అందులో ఆ ఖాతా 'క్లోజ్డ్' అని ఉందో లేదో చూసుకోవాలి. కొంత మాఫీ చేస్తామని రికవరీ ఏజెంటు తొందరపెడితే, 'సెటిల్డ్' అని పడుతుందేమో ముందే అడగండి. అలా పడితే రేపు ఉద్యోగమొచ్చి ఇంటి లోన్‌కు వెళ్లినప్పుడు బ్యాంకువాళ్లు ఆ ఒక్క లైను చూసి ప్రశ్నలేస్తారు.