గుర్రపుడెక్క చేయు మేలు

నూజివీటి మామిడితోటలకు దక్షిణమున ఉంగుటూరు కలదు. ఆ ప్రాంతపు మురుగుకాలువలలో నీరు కానరాకుండ అల్లుకొను పచ్చని మొక్కను రైతులెల్లరు నెరుగుదురు. ఆకు గుర్రపు గిట్టను పోలియుండుటచే దానికి గుర్రపుడెక్క యని పేరు. దక్షిణ అమెరికానుండి వచ్చిన ఈ మొక్క, అనుకూలించినచో, సుమారు రెండు వారములలో రెట్టింపగును. కాలువకు అడ్డుపడి పొలములను ముంచును. చేపలకు ప్రాణవాయువు అందనీయదు. రైతులు దీనిని శత్రువుగా నెంచుట సహజమే.

అయినను ఈ శత్రువునందు ఒక సుగుణము కలదు. 1970వ దశకమున అమెరికాలోని నాసా శాస్త్రజ్ఞులు మిసిసిపీ రాష్ట్రమున మురుగునీటి మడుగులలో దీనిని పెంచి పరీక్షించిరి. నీరు తేటపడెను. ఇది యెట్లు జరిగెను? నీటిలో వ్రేలాడు దీని వేరులు కుచ్చువలె నుండును. నీటిలోని నలుసులు వానికి అంటుకొనును. వేరులపై నివసించు సూక్ష్మజీవులు కుళ్ళు పదార్థములను విడగొట్టును. అట్లు వెలువడిన నత్రజనిని, భాస్వరమును మొక్క ఆహారముగా గైకొనును. తోళ్ళ కర్మాగారముల నీటిలోని క్రోమియము, ఇతర పరిశ్రమల నీటిలోని సీసము, కాడ్మియము వంటి లోహములును వేరులలో చేరును.

జమ్ము, వట్టివేరు, మెట్టతామర కూడ నీటిని శుభ్రపరుపగలవు. హైదరాబాదు చెంతనున్న నెక్నాంపూరు చెరువున 2018లో ధ్రువాంశ్ అను స్వచ్ఛంద సంస్థ ఇట్టి మొక్కలను తేలు తెప్పపై నాటి, మురుగునీటిని శుద్ధిచేయ బూనుకొనెను.

విజయవాడ మీదుగా వచ్చు బుడమేరు తూర్పునకు సాగి కొల్లేటిలో కలియును. కొల్లేరు 2002లో రామ్‌సార్ ఒప్పందముక్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపు పొందినది. పట్టణముల మురుగు, కర్మాగారముల వ్యర్థజలము అందు చేరుచున్నవి. గుర్రపుడెక్కయు అచట దట్టముగా పెరుగును. మరి నీరేల తేటపడలేదు?

మొక్క లోహములను నశింపజేయదు, తనలో దాచుకొనును. సకాలమున తీయనిచో అది అక్కడనే కుళ్ళి, తాను పీల్చిన దానిని తిరిగి నీటికే అప్పగించును. లోహములు పీల్చిన మొక్కను పశువులకు మేపరాదు. పొలమునకు ఎరువుగా వేయరాదు. విషము మరల నేలను, నీటిని చేరకుండ దానిని వేరుగా నుంచవలెను.

కావున కర్మాగారము తన నీటిని ముందుగా శుద్ధిచేసి, మిగిలిన మాలిన్యమును గట్లు కట్టిన మడుగులలోని మొక్కలకు విడువవలెను. పీల్చుట మొక్క పని. దానిని గట్టునకు చేర్చుట మనుష్యుని పని. ఈ రెండవ పని జరిగిననాడే కొల్లేటి చేపకును, ఆ చేపపై బ్రదుకు జాలరికిని మేలు కలుగును.