గ్రావిటార్: బ్రేకు లేని బండి

న్యూటన్ సూత్రాలు బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్లం మనం. అవి వేళ్లకు పట్టాలంటే మాత్రం గ్రావిటార్ ఆడాలి. 1982లో అటారి కంపెనీ తెచ్చిన ఈ వీడియో ఆటను, మరీ కష్టమని, జనం అంతగా పట్టించుకోలేదు. మెదక్‌లో రూమ్మేటు కంప్యూటర్ మీద నేను నేర్చుకున్నాను.

మీటలు ఐదే: ఎడమకు, కుడికి, ఇంజను, కాల్పు, కవచం. ఈ కవచం మీటే నేల మీది ఇంధనాన్ని పైకి గుంజుతుంది. బ్రేకు లేదు! దుక్కిలో మా నాయన ఇంజను ఆపితే ట్రాక్టరు అక్కడే నిలబడుతుంది. ఈ ఓడ నిలవదు, పోతూనే ఉంటుంది. పైగా గ్రహం గుంజుతుంది. ఆపాలంటే ముక్కును పోయే దిక్కుకు ఎదురు తిప్పి ఇంజను వెయ్యాలి. మీటను నొక్కిపట్టకూడదు, చిన్నగా తట్టాలి. నేల దగ్గరపడ్డాక తిప్పుదామనుకుంటే అప్పటికే ఆలస్యం. ఇంధనం అయిపోతే ఎన్ని ఓడలు మిగిలినా ఆట ఖతం.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది కూడా ఇంజన్ల ఎదురుతోపుతోనే. గాలి లేనిచోట పారాచూట్ ఏం చేస్తుంది?

మొదటి వారం కాల్పు మీట ముట్టకండి. ఉత్త తిప్పుడు, తట్టుడే. శత్రువుల సంగతి తర్వాత చూడొచ్చు.