మొదటి సాహసయాత్రకు ఏ చోటు మంచిది?



ఈసారి గోడపత్రికకు పాఠంలా ఉపయోగపడేది ఏదైనా రాయమని తెలుగు మేడం అన్నారు. నేను సాహసయాత్ర గురించి రాస్తున్నాను. డిసెంబరులో తొమ్మిదో తరగతి వాళ్ళం ఎక్కడికైనా వెళ్ళడానికి పర్మిషన్ అడుగుదామనుకుంటున్నాము కదా. రోజూ రాత్రి లైట్లు ఆపేశాక దీని మీదే తగువు. ఒకరు వంజంగి అంటారు, ఒకరు చాపరాయి అంటారు, ఇంకొకరు లంబసింగి అని దుప్పటిలోంచే అరుస్తారు. వార్డెన్ మేడం మాత్రం అవునని అనరు, కాదని అనరు. ఎందుకు అనటం లేదో అందరికీ తెలుసు. కారణం నేనే. అది కూడా ఇందులో రాస్తాను.

ముందు సాహసయాత్ర అంటే ఏమిటి? మా అమ్మ అడ్డాకుల కోసం రోజూ కొండ ఎక్కుతుంది. సంతకి పసుపు మూట నెత్తిన పెట్టుకుని దిగుతుంది. దాన్ని ఎవరూ సాహసం అనరు. వైజాగ్ నుంచి వచ్చినవాళ్ళు అదే కొండ సగం ఎక్కి ఫొటోలు తీసుకుంటే అది సాహసయాత్ర. మొదట్లో నాకు ఇది నవ్వులాటగా ఉండేది. ఇప్పుడు నవ్వడం లేదు. మన ఒంటికి అలవాటు లేని పనిని, బలవంతం లేకుండా, మన ఇష్టంతో చేసి మళ్ళీ ఇంటికి రావడమే సాహసయాత్ర అని నేను అనుకుంటున్నాను. అందుచేత ఒకే కొండ ఒకరికి పెరడు, ఇంకొకరికి సాహసం. పోయిన సంక్రాంతికి ఈ సంగతి నాకు తెలియదు.

పోయిన సంక్రాంతి సెలవులకి మన తరగతి అమ్మాయిలు ముగ్గురు మా ఊరు వచ్చారు. అందులో ఒకమ్మాయిది కొండ కింద, మైదానం వైపు ఊరు. మా ఊరి వెనక కొండ మీద పెద్ద బండ ఉంది, అక్కడినుంచి చూస్తే మూడు గెడ్డలు కలిసేది కనబడుతుంది. చూపిస్తానని బయల్దేరదీశాను. ఎంత దూరమే అని అడిగితే “అరగంట” అన్నాను. నాకు అరగంటే. మధ్యాహ్నం మూడున్నరకి బయల్దేరాము. పైకి వెళ్ళేసరికే రెండు గంటలు పట్టింది. ఆ అమ్మాయి దారిలో రెండుసార్లు “ఇంక నేను రాలేనే, ఇక్కడే కూర్చుంటాను” అంది. నేను “ఇదిగో వచ్చేసింది, ఆ మలుపే” అన్నాను. ఆ మలుపు తరవాత ఇంకా మూడు మలుపులున్నాయని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

దిగేటప్పుడు చీకటి పడింది. ఆమె వేసుకున్నవి పండక్కి కొన్న కొత్త చెప్పులు. రాయి మీద జారి చీలమండ మెలిక పడింది. కాలు కింద పెట్టలేకపోయింది. మాలో ఒకమ్మాయి పరుగెత్తి ఊళ్ళోకి వెళ్ళి చెప్పింది. మా నాన్న, చిన్నాన్న, ఇంకో ఇద్దరు వెదురు కర్ర, దుప్పటి తెచ్చి డోలీ కట్టారు. మా ఊళ్ళో డోలీ కట్టడం అందరికీ వచ్చును. పురిటి నొప్పులు వచ్చినవాళ్ళని, జ్వరం వచ్చినవాళ్ళని అలాగే రోడ్డు దాకా మోస్తారు. కానీ షికారుకి వెళ్ళినదాని కోసం డోలీ కట్టడం మా నాన్న అదే మొదటిసారి చూశాడట. దారి పొడుగునా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది. మర్నాడు రోడ్డు దాకా మోసుకెళ్ళి 108 ఎక్కించాము. మూడు వారాలు ఆ అమ్మాయి కట్టుతో బడికి వచ్చింది. అప్పటినుంచి మనకి ఔటింగులు లేవు. మేడం గారిని తప్పు పట్టడానికి లేదు.

ఆ తరవాత లెక్కల సారు నాకు ఒక లెక్క చెప్పారు. దాన్ని 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండు కొండలెక్కే మనిషి పెట్టాడట. నడకకు గంటకు సుమారు 5 కిలోమీటర్లు వేసుకోవాలి. దాని మీద ప్రతి 600 మీటర్ల ఎక్కుడికి ఇంకొక గంట కలపాలి. మా కొండ దారి దాదాపు 3 కిలోమీటర్లు, ఎక్కుడు 300 మీటర్లు అనుకుందాము. 3 కిలోమీటర్లకు 36 నిమిషాలు, 300 మీటర్లకు 30 నిమిషాలు, మొత్తం 66 నిమిషాలు. ఇది కూడా ఆగకుండా నడిచే బలమైనవాళ్ళకు. కొత్తవాళ్ళకు, గుంపుగా వెళ్ళేవాళ్ళకు దీన్ని రెట్టింపు చేసుకోమని సారు అన్నారు. అంటే 132 నిమిషాలు. మాకు పట్టింది ఇంచుమించు అంతే. నా “అరగంట” ఎక్కడ, ఈ లెక్క ఎక్కడ! మన వైపు జనవరిలో సాయంత్రం ఐదున్నర దాటగానే పొద్దు గూకుతుంది. మూడున్నరకి బయల్దేరిన రోజున చీకట్లో దిగక తప్పదని కాగితం మీదే తెలిసిపోయేది.

కాబట్టి మొదటి చోటు ఎంచుకునేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న “అక్కడ ఏముంది?” అని కాదు. “మనలో అందరికన్నా నెమ్మదిగా నడిచే అమ్మాయి సగం దారిలో ఆగిపోతే ఏమి చేస్తాము?” అని. ఆమె వెనక్కి తిరిగితే తోడుగా ఒక పెద్దవాళ్ళు వెళ్ళగలగాలి. రోడ్డు దగ్గరలో ఉండాలి. అక్కడ డోలీ అవసరం రాకూడదు. ఇలా అడిగితే మనం గొడవపడుతున్న పేర్లలో సగం వాటంతట అవే కొట్టుకుపోతాయి.

మీరు “పూర్ణ అక్క ఎవరెస్టే ఎక్కింది కదా, మనం వంజంగి ఎక్కలేమా” అంటారని నాకు తెలుసు. నేనూ అలాగే అనేదాన్ని. మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం అమ్మాయి, లంబాడీ. మనలాగే గురుకులంలో చదివింది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగు ఏళ్ళు నిండలేదు. ఆమెతో పాటు ఖమ్మం వైపు గురుకుల విద్యార్థి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఎవరెస్టు ఎత్తు 8,848.86 మీటర్లు. ఇదంతా మనం క్విజ్ కోసం బట్టీ పట్టాము. కానీ ఆమె మొదట ఎక్కింది ఏమిటో మనం బట్టీ పట్టలేదు.

ఆమె మొదట నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీద. అది హైదరాబాదుకి దగ్గరలో, ఊరిని ఆనుకుని ఉన్న ఒంటిరాయి గుట్ట. పైన పాత కోట ఉంది. కింద రోడ్డు, బజారు, ఆసుపత్రి అన్నీ ఉన్నాయి. నడుముకి తాడు, పక్కన నేర్పే సారు, చుట్టూ తోటి గురుకుల పిల్లలు. అక్కడ పట్టు దొరికాక డార్జిలింగులోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి పంపారు. ఆ తరవాత చలి అలవాటు కావడానికి లడఖ్ తీసుకెళ్ళారు. ఆ తరవాతే ఎవరెస్టు, అది కూడా టిబెట్ వైపు నుంచి. అక్కడితో ఆపలేదు, 2022 నాటికి ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలు అన్నీ ఎక్కేసింది. కానీ మొదటి మెట్టు భువనగిరి. పడితే పట్టుకునే తాడు, దిగితే అందే రోడ్డు ఉన్న చోటు. మనకి భువనగిరి లాంటి చోటు ఏది? దాన్ని వెతకాలి.

ఇప్పుడు మన చుట్టుపక్కల చోట్ల గురించి.

వంజంగి పాడేరు దగ్గర ఉంది. మేఘాల కొండ అని ఇప్పుడు అందరికీ తెలిసింది. చలికాలంలో తెల్లవారకముందే పైకి చేరితే మబ్బులు కాళ్ళ కింద పాలసముద్రంలా పరుచుకుని ఉంటాయి. చూడవలసిందే, కాదనను. కానీ ఎక్కేది చీకట్లో, దారి నిట్రంగా ఉంటుంది, సెలవు రోజైతే జనం తోపులాట. చీకట్లో నెమ్మదిగా నడిచే అమ్మాయి ఎక్కడ ఆగిపోయిందో ముందువాళ్ళకి తెలియదు. ఇది రెండో యాత్రకి మంచిది. మొదటిదానికి కాదు.

లంబసింగి చింతపల్లి మండలంలో, దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు 1000 మీటర్లు పెరిగితే చలి సుమారు 6 డిగ్రీలు పెరుగుతుందని సోషల్‌లో చదువుకున్నాము. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అక్కడ గడ్డి మీద మంచు గట్టిపడేంత చలి. మన హాస్టల్ దుప్పట్లు ఎంత మందమో మేడం గారికీ తెలుసు. అయినా అక్కడ చేసేది చలిలో వణకడమే కదా, దానికి అంత దూరం ఎందుకు? పొద్దున్న అయిదింటికి మన కుళాయి దగ్గర నిలబడినా చాలు.

చాపరాయి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనలో ఎక్కువమంది ఓటు దానికే. అది డుంబ్రిగుడ మండలంలో అరకు నుంచి పాడేరు వెళ్ళే రోడ్డు పక్కనే ఉంది. గెడ్డ చాపలాంటి బండ మీద జారుతూ పోతుంది. రోడ్డు దగ్గర, నడక తక్కువ, చూడ్డానికి తేలిక. అయినా నాకు భయం కొండ కన్నా గెడ్డ అంటేనే ఎక్కువ. కొండ ఉన్నచోటే ఉంటుంది. గెడ్డ నిన్న ఉన్నట్టు ఇవాళ ఉండదు. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్ళు పెరిగిపోతాయి. తేటగా ఉన్న నీళ్ళు ఎర్రగా మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కాలని మా అమ్మమ్మ చెప్పేది. ఇక నాచు పట్టిన బండ మీద మనలో ఎవరి కాలూ నిలవదు, నాది కూడా. చలికాలంలో, గట్టు మీద కూర్చుని అన్నం తినడానికైతే వెళ్ళవచ్చును. జారుడుబండ ఆట కోసమైతే వద్దు. అక్కడికి వెళ్ళి జారకుండా మీరు ఉంటారా? నిజం చెప్పండి.

నేను చెప్పేది బొర్రా గుహలు. నవ్వకండి. “అది ఎక్స్‌కర్షనే గాని సాహసం ఏటి” అని అప్పుడే ఒకమ్మాయి అనేసింది. కొండలు మనకి కొత్త కాదు. చీకటి గుహలోకి దిగడం మనలో చాలామందికి కొత్త. బొర్రా అనంతగిరి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. గుహ లోతు దాదాపు 80 మీటర్లు. సున్నపురాయి కొండ అది. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని పుల్లటి నీరవుతుంది, అది సున్నపురాయిని కొంచెం కొంచెం కరిగిస్తుంది. కరిగిన సున్నం పైకప్పు నుంచి బొట్టు బొట్టుగా దిగుతూ మర్రి ఊడల్లా వేలాడుతుంది, కింద పడినది పుట్టలా లేస్తుంది. సైన్సు పుస్తకంలో రెండు లైన్లే ఉన్నది అక్కడ కళ్ళతో చూడవచ్చును. ఆవు పై కన్నంలోంచి లోపల పడిందని, వెతుక్కుంటూ దిగిన కాపరికి శివలింగం కనబడిందని ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కథ చెబుతారు. అందుకే అక్కడి ఏరు గోస్తని అయిందట. గుహ మీదుగా కిరండూల్ రైలు లైను పోతుంది.

దిగడానికి మెట్లున్నాయి, దీపాలున్నాయి, లోపల మనుషులుంటారు. ఎక్కడ భయం వేస్తే అక్కడినుంచి వెనక్కి తిరిగి మెట్లెక్కి బయటికి రావచ్చును. బస్సు గుమ్మం దగ్గర దాకా వస్తుంది. మెట్లు తడిగా ఉంటాయి కాబట్టి పట్టున్న చెప్పులు, బూట్లు వేసుకోవాలి. కొత్తవి వేసుకోకూడదు (నా అనుభవం). గబ్బిలాలు ఉంటాయి, అరవకుండా ఉంటే వాటి దారిన అవి ఉంటాయి. ఆయాసం ఉన్నవాళ్ళు ముందే సిస్టరు గారికి చెప్పాలి. మిగతావి, అంటే నీళ్ళు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, కట్టు గుడ్డ, ఎవరు ఎవరికి జత అన్నది, నేను వేరే కాగితం మీద రాసి లీడరుకి ఇచ్చాను.

గుహ బాగా చూసి, అందరి కాళ్ళూ బాగున్నాయని తెలిస్తే, టైము పన్నెండు దాటకపోతే, అప్పుడు కటికి జలపాతం వైపు కొంత దూరం వెళ్ళడమా మానడమా అన్నది మేడం గారు అక్కడ నిర్ణయిస్తారు. అక్కడికి జీపు దారి ఉంది, చివర కొంత కాలినడక. వెనక్కి రమ్మంటే ఎంత దగ్గరికి వెళ్ళినా వెనక్కి రావాలి. “ఆ మలుపే” అనే మాట ఎవరూ అనకూడదు. అన్నవాళ్ళని తరవాతి యాత్రకి తీసుకెళ్ళవద్దని నేనే రాసి ఇస్తున్నాను.

మేడం గారూ, పెద్దవాళ్ళు ఇద్దరు కాక ముగ్గురు వస్తే బాగుంటుందని మా కోరిక. ఒకరు ముందు, ఒకరు చివర, ఒకరు వెనక్కి తిరిగే వాళ్ళతో. పొద్దున్నే బయల్దేరి సాయంత్రం నాలుగుకల్లా హాస్టలు గేటు దగ్గర హాజరు పిలిపించుకుంటాము.

ఈ కాగితం పక్కన ఇంకొక తెల్లకాగితం అంటించాను. రావాలనుకునే వాళ్ళు పేరు రాసి, దాని ఎదురుగా మీకు దేనికి భయమో కూడా రాయండి. చీకటి, ఎత్తు, గబ్బిలం, వాంతి, ఏదైనా సరే. ఎవరూ ఎగతాళి చెయ్యరు. నేను “గెడ్డ” అని రాశాను. పోయినసారి కాలు మెలిక పడిన అమ్మాయి అందరికన్నా ముందే వచ్చి పేరు రాసేసింది. భయం దగ్గర ఆమె నా పేరు రాసింది. పైగా నేను వరుసలో తన వెనక నడిస్తేనే వస్తానంది. ఒప్పుకున్నాను.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని