యంత్రమునకు అక్షరాభ్యాసము

మన తరగతి హాజరుపట్టీలోని పేర్లను, ఊళ్లను తెలుగు, ఉర్దూ లిపులలోనే కంప్యూటరున నమోదు చేయదలచితిమనుకొందము. "ఇందులో అక్షరములు తప్ప మరేమియు ఉండరాదు" అను నియమమును 'సీ' భాషలో ఎట్లు వ్రాయవలెను?

1972 ప్రాంతమున డెన్నిస్ రిచీ రూపొందించిన ఈ భాషలో 'కారెక్టర్' అనగా సాధారణముగా 8 బిట్లు, అనగా 256 విలువలు మాత్రమే. ఆంగ్లమునకు అది చాలును. కాని నేటి యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక తెలుగు వర్ణమునకు 3 బైట్లు, ఉర్దూ వర్ణమునకు 2 బైట్లు పట్టును. బైటు బైటుగా పరీక్షించినచో వర్ణము ముక్కలై, ఏ ముక్కయు అక్షరముగా తోచదు.

ఈ లోటు తీర్చుటకు 1995 నాటి సవరణలో 'వైడ్ కారెక్టర్' వర్గీకరణ ప్రమేయములు చేరినవి. ఇందు వర్ణమంతయు ఒకే సంఖ్య. యూనికోడ్‌లో తెలుగునకు 3072 నుండి 3199 వరకు 128 స్థానములు కలవు. 'స' సంఖ్య 3128. ఉర్దూ అలిఫ్ సంఖ్య 1575. 'ఇస్‌డబ్ల్యుఆల్ఫా' అను ప్రమేయము ఆ సంఖ్య అక్షరమా, కాదా అని చెప్పును.

అయితే ఆ తీర్పు 'లొకేల్' అను భాషాప్రాంత పట్టికపై ఆధారపడును. ప్రతి ప్రోగ్రామును మొదట 'సీ' అను కనీస లొకేల్‌లోనే ఆరంభమగును. 'సెట్‌లొకేల్' పిలిచి మన పట్టికను కోరనిచో, 'స' అక్షరమే కాదని యంత్రము చెప్పవచ్చును.

పట్టిక కుదిరిన పిదప మన ఊరి పేరునే పరీక్షింతము. 'సిద్దిపేట' కంటికి నాలుగక్షరములు. యంత్రమునకు తొమ్మిది గుర్తులు: స, గుడి, ద, పొల్లు, ద, గుడి, ప, ఏత్వము, ట. యూనికోడ్ లక్షణములలో గుడికి, ఏత్వమునకు అక్షరత్వము కలదు, పొల్లుకు లేదు. కనుక ఆ లక్షణమునే అనుసరించు పట్టికలో నాలుగవ గుర్తు వద్ద మన ఊరు తిరస్కృతమగును! దోషము ఊరిలో లేదు, నియమములో ఉన్నది. పొల్లు సంఖ్యయైన 3149ని గూడ అంగీకరించునట్లు నియమమును సవరింపవలెను.

అంకెల విషయమునను జాగ్రత్త అవసరము. 'ఇస్‌డబ్ల్యుడిజిట్' 0 నుండి 9 వరకు గల అంకెలనే గుర్తించును. తెలుగు అంకెను గాని, ఉర్దూ అంకెను గాని ఒప్పుకొనదు.

తన పేరును తన లిపిలో వ్రాసిన విద్యార్థికి "తప్పు" అను జవాబు రారాదు. ప్రోగ్రాము వ్రాసిన వెంటనే ఒక తెలుగు పేరుతో, ఒక ఉర్దూ పేరుతో పరీక్షించుట మనము అలవరచుకొందము. ఓనమాలైనను, అలిఫ్ బే అయినను యంత్రముచేత దిద్దించవలసినవారము మనమే.