చోదకుని కునుకు – చట్టము విధించు దండన

"కన్ను మూతపడినదయ్యా, నేనేమి చేయుదును?" అని ఘోరప్రమాదము జరిగిన పిమ్మట డ్రైవరు మొఱపెట్టుకొనగా విన్నవారి మనస్సు ఒకింత కరగును, మృతుని బంధువులు సైతము కొందఱు విధివ్రాత యని నిట్టూర్చి కేసు సంగతి విడిచిపెట్టుదురు. నిద్ర మనుష్యుని వశములో ఉండదన్నది సత్యమే. స్పృహ లేనివానికి నేరమెట్లు అంటునన్న ప్రశ్నయు సహజమే. ఈ ప్రశ్నకు 1945లో ఇంగ్లండులో, కే వర్సెస్ బటర్‌వర్త్ అను వ్యాజ్యమున, సైనికుల గుంపుమీదికి కారు పోనిచ్చిన చోదకుని విషయములో సమాధానము లభించినది: నిద్ర వచ్చుచున్నదని ఎఱిగినవాడు బండి నిలుపవలయును, నిలుపకపోవుటయే అతని దోషము. ఆవులింతలు, రెప్పల బరువు, దాటివచ్చిన ఊరేదో జ్ఞాపకము లేకపోవుట, బండి రోడ్డు అంచునకు జరుగగా ఉలికిపడి స్టీరింగు తిప్పుకొనుట – ఇన్ని హెచ్చరికలను లెక్కచేయక ముందుకు సాగినవాడు, ఆ సాగుటను మెలకువలో ఉండియే చేసినాడు.

ఆ దేశమందే 2001 ఫిబ్రవరి 28వ తేదీన సెల్బీ పట్టణ సమీపమున ఒక వాహనము రహదారి తప్పి రైలుపట్టాలపై పడగా, దానిని ఢీకొని పట్టాలు తప్పిన ప్రయాణికుల రైలును ఎదురుగా వచ్చిన గూడ్సుబండి గుద్దుకొని పదిమంది మరణించిరి. ముందటి రాత్రి నిద్ర లేకయే బయలుదేరెనని ఆరోపింపబడిన చోదకుడు యంత్రలోపమని వాదించినను జ్యూరీ అతనిని దోషిగా నిర్ణయించెను. ఐదేండ్ల కారాగారము విధింపబడెను.

మన దేశమున 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలోని 106(1) సెక్షను, నిర్లక్ష్యముచే ప్రాణనష్టము కలిగించినవానికి ఐదేండ్లవఱకు ఖైదును, జరిమానాను విధించుచున్నది. పూర్వపు శిక్షాస్మృతి 304ఎ సెక్షనులో రెండేండ్లే గరిష్ఠ శిక్ష. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదములకు నేటికిని ఆ పాత సెక్షనే వర్తించును. చోదకునికి తన చర్యవలన ప్రాణము పోగలదను ఎఱుక ఉన్నదని ప్రాసిక్యూషను రుజువు చేయగలిగిన యెడల, హత్య క్రిందికి రాని శిక్షార్హ నరహత్యగా 105వ సెక్షను ప్రకారము పదేండ్లవఱకు శిక్ష పడవచ్చును. మద్యము సేవించి కారు నడిపి, కాలిబాటపై నిద్రించుచున్న ఏడుగురు కూలీల మృతికి కారకుడైన ముంబయి చోదకునికి పూర్వచట్టములోని ఇట్టి సెక్షనునే అన్వయించి సుప్రీంకోర్టు 2012లో తీర్పు చెప్పినది. నిద్రమత్తు కేసులో అట్టి ఎఱుకను నిరూపించుట దుష్కరము. కావున సాధారణముగా 106(1) సెక్షనే నిలుచును.

రుజువు ఎక్కడనుండి వచ్చును? రోడ్డుపై బ్రేకు వేసిన జాడ లేకపోవుట, టోల్‌గేటు దాటిన సమయమును చూపు ఫాస్టాగ్ లెక్క, ట్రిప్ షీటు, పక్కసీటులోని క్లీనరు వాఙ్మూలము, దారిలో టీకొట్టు ముందటి సీసీ కెమెరా దృశ్యము – ఇవన్నియు ఆ చోదకుడు ఎన్ని గంటలు ఎడతెగక నడిపినాడో పలుకును. కెమెరా దృశ్యములు కొలదిదినములలో చెఱిగిపోవును గనుక, వానిని వెంటనే భద్రపఱుపుమని దర్యాప్తు అధికారికి వ్రాతమూలముగా కోరి, ఆ అర్జీ నకలుపై స్టేషనువారి ముద్ర వేయించుకొనుడు. ఎఫ్ఐఆర్ ప్రతిని ఫిర్యాది ఉచితముగా పొందవచ్చును.

ఇక రాజీ మాట. మృతుని ఇంట దుఃఖము ఆఱకమునుపే మధ్యవర్తులు వచ్చి, కొంత సొమ్ము ముట్టజెప్పి "కేసు ఎత్తివేయుడు" అనుట ఈ వ్యవహారములో నాకు మిక్కిలి బాధ కలిగించు సంగతి. ఈ నేరము రాజీపడదగిన నేరముల పట్టికలో లేదు. సంతకము చేసినంతమాత్రమున కేసు ముగియదు. చోదకునికి స్టేషనులోనే బెయిలు దొరకినదని నిరాశ చెందవలదు. ఇది బెయిలీయ నేరము, విచారణ మాత్రము ఆగదు.

అయినను సమస్త భారమును ఆ జీతగానిమీదనే మోపుట న్యాయము కాదని నా అభిప్రాయము. రోజుకు ఎనిమిది గంటలకు మించి పనిచేయింపరాదనియు, ఐదు గంటల పని పిమ్మట అరగంటయైనను విశ్రాంతి నీయవలయుననియు 2025 వఱకు అమలులోనుండిన 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే శాసించియుండెను. రాత్రి సరకు దించి వచ్చినవానిని తెల్లవాఱకమునుపే మఱల బండి ఎక్కించు యజమాని, ఉద్యోగి తప్పిదమునకు నష్టపరిహారము చెల్లింపవలసిన బాధ్యత తప్పించుకొనజాలడు.

ఆ పరిహారమునకై మీరు నివసించు ప్రాంతపు మోటారు ప్రమాదముల ట్రిబ్యునలులోనే దరఖాస్తు చేయవచ్చును; ప్రమాదము జరిగిన ఆరు మాసములలోపల చేయుడు. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని జిల్లా న్యాయసేవాధికార సంస్థ న్యాయవాదిని ఉచితముగా ఇచ్చును. 15100 నంబరునకు ఫోను చేసి అడుగుడు.